రైలు అలవాటు, విమానపు టిక్కెట్టు

వేసవి సెలవులు గాని, దసరా సెలవులు గాని సమీపించుసరికి మధ్యతరగతి ఇండ్లలో ఒక చర్చ మొదలగును. ఎక్కడికి పోవలెనన్న సంగతి రెండు మూడు సాయంత్రములలో తేలిపోవును. ఎట్లు పోవలెనన్నది మాత్రము అంత సులభముగా తేలదు. రైలెక్కినచో రాకపోకలలోనే సెలవులో కొంత భాగము కరగిపోవును. విమానమెక్కినచో చేతిలోని డబ్బు కరగిపోవును. కొన్ని సంవత్సరములుగా ఈ త్రాసు విమానము వైపునకు మొగ్గుచున్నది. బేగంపేట నుండి దక్కన్ ఎయిర్‌వేస్ విమానములు ఎగిరిన 1940ల నాళ్లలో ఆకాశయానము అధికారులకు, సంపన్నులకు మాత్రమే చెల్లినది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద తొలుత ఎగిరిన విమానములలో కడప, హైదరాబాదుల నడుమ నడచినది యొకటి. నేడు ఇంటిలో ఎవ్వరును అంతకుముందు విమానమెక్కని కుటుంబములు, పిల్లలను, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, సంవత్సరము పొడుగున కూడబెట్టిన సొమ్ముతో టిక్కెట్లు కొనుచున్నవి. అట్టివారిని ఉద్దేశించియే నేటి మా ప్రసంగము.

రైలు మనకు బాగుగా తెలియును. టిక్కెట్టు ఎప్పుడు కొనవలెనో, వెయిటింగు లిస్టు ఎంతవరకు కదలునో, ఏ స్టేషనులో బండి ఎంతసేపు ఆగునో మన ఇండ్లలో పిల్లలు కూడ చెప్పగలరు. అందుచేత విమానపు టిక్కెట్టు కొనుటకు కూర్చున్నప్పుడు, మనకు తెలియకయే రైలు పద్ధతులను దానికిని అన్వయించుకొందుము. తొలిసారి కొనువారికి కలుగు నష్టములలో పెక్కింటికి ఈ అలవాటే మూలమని మా అభిప్రాయము. రైలు టిక్కెట్టు ప్రభుత్వపు ధరల పట్టిక ననుసరించి కొనునది. విమానపు టిక్కెట్టు ఒక వ్యాపార సంస్థతో చేసికొను ఒడంబడిక. షరతులు వ్రాసినది సంస్థ. అంగీకరించితిమని గడిలో గుర్తు పెట్టినది మనము.

ధర సంగతి మొదట చూతము. రైలులో, రాజధాని వంటి కొన్ని బండ్లను, తత్కాల్ రుసుమును మినహాయించినచో, రెండు నెలల ముందు కొన్నను రెండు రోజుల ముందు కొన్నను ఛార్జీ యొకటే. విమానమున అట్లు కాదు. 1953లో జాతీయము చేయబడిన విమానయానము 1994లో చట్టము మారి ప్రైవేటు సంస్థలకు తెరువబడినది. అప్పటి నుండి ధర నిర్ణయించుట సాధారణముగా సంస్థల పనియే. కోవిడ్ కాలమున, 2020 మే నుండి 2022 ఆగస్టు వరకు, ప్రభుత్వము కనిష్ఠ గరిష్ఠ హద్దులు విధించి తరువాత తొలగించినది. ఒక విమానమున 180 సీట్లున్నవనుకొందము. సంస్థ వానిని కొన్ని బుట్టలుగా విభజించి, ఒక్కొక్క బుట్టకు ఒక్కొక్క ధర పెట్టును. తక్కువ ధర బుట్ట నిండిన పిమ్మట పై బుట్ట తెరచును. గిరాకీని బట్టి బుట్టల పరిమాణము కూడ మార్చుచుండును. కావున ప్రక్క ప్రక్కన కూర్చున్న యిద్దరు ఒకే ప్రయాణమునకు చెల్లించిన సొమ్ములో మూడింతల తేడా ఉన్నను ఆశ్చర్యపడవలసిన పనిలేదు.

ఈ బుట్టల సంగతి తెలిసినవారికి ఒక చిన్న ప్రయోజనము కలదు. నలుగురికి ఒక్కసారి టిక్కెట్లు వెదకినచో, చౌక బుట్టలో మూడు సీట్లే మిగిలియున్నప్పుడు, నాలుగింటికిని పై ధర చూపుట కలదు. మొదట ఒక్కరికి వెదకి చూచి, పిమ్మట నలుగురికి వెదకినచో ఈ తేడా బయటపడును. అట్లని కుటుంబమును విడదీసి రెండు టిక్కెట్లుగా కొనుట అన్నివేళల మేలు కాదు. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు, అదే టిక్కెట్టు మీద ప్రయాణము చేయు తల్లి ప్రక్కన గాని తండ్రి ప్రక్కన గాని సీటు ఈయవలెనని పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయము 2024 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించినది. టిక్కెట్టు వేరైనచో ఈ రక్షణ వర్తించునని చెప్పలేము. వందల రూపాయల కొరకు అయిదేండ్ల బిడ్డను దూరపు వరుసలో కూర్చుండబెట్టుకొనుట తెలివి కాదు.

ఏ వారమున, ఏ గంటకు కొన్నచో చౌకయని అడుగువారు కలరు. అట్టి ముహూర్తము ఏదియు లేదని మా నమ్మకము. ఏనాడు కొనవలెనన్న దానికంటె ఏనాడు ఎగురవలెనన్నది ముఖ్యము. సంక్రాంతికి ముందు రెండు రోజులు, పాఠశాలలు మూసిన మొదటి శని ఆదివారములు, ఇవి అందరికిని కావలసిన దినములు. మంగళ బుధవారములలో, తెల్లవారుజామున గాని రాత్రి ప్రొద్దుపోయిన తరువాత గాని పోవుటకు సిద్ధపడువారికి ధర తగ్గును. పిల్లల సెలవులు ముందే తెలియును గనుక రెండు నెలల ముందు కొని కూర్చుండుట మంచిది. కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఎల్.టి.సి. మీద పోవునప్పుడు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్.సి.టి.సి. అను మూడింటిలో ఒకదాని ద్వారా కొనవలెనను నియమము కూడ మరువరాదు. చౌకగా దొరికినదని వేరొకచోట కొని, తరువాత బిల్లు రాక కష్టపడినవారు మా పరిచితులలోనే కలరు.

తెరమీద మొదట కనబడిన అంకె కడకు చెల్లించు అంకె కాదు. మూల ఛార్జీకి ఇంధన రుసుము, విమానాశ్రయ రుసుములు, సాధారణ తరగతికి 5 శాతము జి.ఎస్.టి. చేరును. ఇవి తప్పనివి. దళారి సంస్థల యాప్‌లలో సౌకర్య రుసుమని మరియొకటి చేరును. సీటు ఎంచుకొనుటకు, భోజనమునకు, బీమాకు వేరువేరు పుటలు వచ్చును. ఇవి తప్పనిసరి యన్నట్లే కనబడును. కాని దాటిపోవుటకు ఏదో ఒక మూల చిన్న అక్షరములలో దారి ఉండును. సీటు ముందుగా కొననివారికి కూడ చెకిన్ సమయమున ఏదో ఒక సీటు ఉచితముగా ఇత్తురు. మనము అడుగని బీమాకు గాని, విరాళమునకు గాని ముందే గుర్తు పెట్టి యుంచుట 2023 నవంబరులో వెలువడిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకములకు విరుద్ధము. అయినను డబ్బు చెల్లించుటకు ముందు గడులన్నియు ఒకసారి చూచుకొనుట మన పని.

ఇక పేర్లు. ఈ విషయమున తెలుగువారికి ఇతరులకు లేని చిక్కు ఒకటి కలదు. మన ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. విమానపు టిక్కెట్టు దరఖాస్తులో ఫస్ట్ నేమ్ అని ఒక గడి, లాస్ట్ నేమ్ అని ఒక గడి ఉండును. ఇందు మొదటిది సొంతపేరు, రెండవది ఇంటిపేరు. ఫస్ట్ అనగా ముందుది కదా యని ఇంటిపేరును ముందు గడిలో వ్రాయువారు ఎందరో. దీనికి తోడు, బడిలో చేర్చిననాడు ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా మిగిలిన వారు కలరు. వివాహానంతరము ఆధార్ కార్డులో ఒక ఇంటిపేరు, ఓటరు కార్డులో మరియొక ఇంటిపేరు ఉన్న స్త్రీలు కలరు. సుబ్బలక్ష్మి యని కార్డులో ఉన్న పెద్దమ్మగారిని ఇంటిల్లిపాదియు బుజ్జమ్మ యనియే పిలుచుటచే, మనుమడు టిక్కెట్టు మీద బుజ్జమ్మ యని వ్రాయుటయు కలదు. విమానాశ్రయపు ద్వారము వద్ద నిలుచు భద్రతా సిబ్బంది చూచునది టిక్కెట్టు మీది పేరు, కార్డు మీది పేరు ఒకరిదేనా అన్న సంగతి. పిలుపుపేరు వారికి అక్కరలేదు.

చేయవలసినది సులభము. ప్రయాణికులలో ఎవరు ఏ కార్డు తీసికొని పోవుదురో ముందే నిర్ణయించుకొని, ఆ కార్డులన్నియు ఎదుట పేర్చుకొని, వానిలోని ఇంగ్లీషు అక్షరములను ఒక్కొక్కటిగా చూచి వ్రాయవలెను. లక్ష్మి యను పేరునే మన కార్డులలో నాలుగైదు విధముల వ్రాసియుందురు గదా. కార్డులో ఇంటిపేరు లేనివారు రెండవ గడిలో ఏమి వ్రాయవలెనో ఆ సంస్థయే తన పుటలో చెప్పును. మనము ఊహించి నింపరాదు. సంస్థ వెబ్‌సైటులో నేరుగా కొన్న టిక్కెట్టులో పేరు తప్పు పడినచో, 24 గంటల లోపల తెలిపినయెడల రుసుము లేకుండ దిద్దవలెనని నియమము. కావున టిక్కెట్టు వచ్చిన రాత్రియే దానిని ఇంటిలోని వేరొకరిచేత చదివించుట మంచిది. వ్రాసినవారి కంటికి తమ తప్పు కనబడదు. రైలులో అన్న టిక్కెట్టును, బయలుదేరుటకు 24 గంటల ముందు వరకు, తమ్మునికి మార్చుకొను వీలు కలదు. విమానమున అట్టి వీలు లేదు. పేరు దిద్దుకొనవచ్చును గాని మనిషిని మార్చరాదు.

పిల్లల వయస్సు కూడ రైలు లెక్క కాదు. అయిదేండ్ల లోపు బిడ్డకు రైలులో బెర్తు అడుగనిచో టిక్కెట్టు లేదు. విమానమున రెండేండ్ల లోపు శిశువు మాత్రమే ఒడిలో కూర్చుండవచ్చును; దానికిని ఒక రుసుము, వయస్సునకు ఒక ఆధారము కావలెను. రెండేండ్లు నిండినదా, సీటు కొనవలసినదే. ధరయు పెద్దల ధరకు ఇంచుమించు సమానమే. పోవునాటికి ఇరువదిమూడు నెలలుండి, తిరిగి వచ్చునాటికి రెండేండ్లు నిండు బిడ్డ ఉన్నవారు ఈ సంగతి ముందే చూచుకొనవలెను.

తేదీ విషయమున మరియొక చిక్కు. పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయినను మన నోట ఇంకను శుక్రవారము రాత్రియే. విమానముల గడియారము అర్ధరాత్రితో మారును. 12వ తేదీ 00.40 గంటలకు బయలుదేరు విమానమనగా 11వ తేదీ రాత్రి భోజనము చేసి ఇంటినుండి కదలవలసినదని అర్థము. 12వ తేదీ రాత్రి పెట్టె బేడలతో వచ్చువారికి, తమ విమానము ముందునాటి రాత్రియే పోయినదని తెలియును.

ఊరి పేరు సరిగా ఉన్నను విమానాశ్రయము వేరు కావచ్చును. సెలవులకు మనవారు ఎక్కువగా పోవు గోవాలో ఇపుడు రెండు విమానాశ్రయములు కలవు: దక్షిణమున దబోలిం, ఉత్తరమున 2023 జనవరి నుండి పనిచేయుచున్న మోపా. దక్షిణ గోవాలో గది తీసికొని మోపాకు చౌక టిక్కెట్టు కొన్నచో, మిగిలినదంతయు కారు బాడుగకే పోవును. ముంబయికి కూడ 2025 డిసెంబరు 25 నుండి నవీ ముంబయిలో రెండవది తోడైనది. పోవుట ఒకచోటికి, తిరుగు ప్రయాణము మరియొకచోటి నుండి కాకుండ చూచుకొనవలెను.

అన్నింటికంటె ఖరీదైన చిక్కు నడుమ ఊరిలో విమానము మారుట. మా బంధువులలో ఒక కుటుంబము జనవరిలో మంచు చూడవలెనని శ్రీనగరమునకు బయలుదేరినది. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఒక సంస్థలోను, ఢిల్లీ నుండి శ్రీనగరమునకు మరియొక సంస్థలోను, విడివిడిగా టిక్కెట్లు కొనిరి. రెండింటి నడుమ రెండు గంటల వ్యవధి ఉంచుకొనిరి. రైలు లెక్కలో అది చాలును. ఆనాడు ఢిల్లీలో పొగమంచు క్రమ్మి మొదటి విమానము మూడు గంటలు ఆలస్యముగా దిగినది. రెండవ విమానము ఎగిరిపోయినది. మొదటి సంస్థ వారు, మిమ్ము ఢిల్లీ చేర్చితిమి, మా పని ముగిసినదనిరి. రెండవ సంస్థ వారు, మీరు రాలేదనిరి. ఒడంబడికను బట్టి చూచినచో ఇద్దరు చెప్పినదియు నిజమే. ఆ కుటుంబము ఆనాటి ధరకు అయిదు టిక్కెట్లు మరల కొనవలసి వచ్చినది.

అదే ప్రయాణము ఒకే టిక్కెట్టు మీద, అనగా ఒకే పి.ఎన్.ఆర్. సంఖ్య క్రింద కొనియున్నచో, తప్పిపోయిన రెండవ విమానమునకు బదులు వేరొక విమానము చూపు బాధ్యత సంస్థదే యగును. సామాను కూడ సాధారణముగా తిన్నగా చివరి ఊరికి చేరును. యాప్‌లు కొన్ని రెండు వేరువేరు టిక్కెట్లను జతచేసి ఒకే ప్రయాణమువలె చూపుచుండును. చూచుటకు తేడా తెలియదు. ధర కొంచెము తగ్గియుండును. విడి టిక్కెట్లే కొనవలసి వచ్చినచో, ఢిల్లీ వంటి చోట, అందును డిసెంబరు జనవరులలో, నడుమ అయిదారు గంటలైనను ఉండవలెను. అక్కడ మొదటి టెర్మినలునకు, మూడవ టెర్మినలునకు నడుమ దూరము నడచి పోదగినది కాదు. రానుపోను ఒకే టిక్కెట్టుగా కొన్నవారు మరియొకటి గమనింపవలెను. పోవునప్పటి విమానము ఎక్కక రైలులో పోయి, తిరుగు ప్రయాణము మాత్రము విమానములో చేయుదమనుకొన్నచో, ఆ తిరుగు టిక్కెట్టు రద్దయి యుండుట కలదు.

రద్దు చేసికొనుట గురించి రెండు మాటలు. చౌక టిక్కెట్టునకు తిరిగి వచ్చు సొమ్ము స్వల్పము. అయినను రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన రుసుముల మొత్తమును మించరాదనియు, పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి యీయవలెననియు 2016 ఆగస్టు నుండి నియమము కలదు. విమానము ఎక్కనివారికి కూడ ఇది వర్తించును. ఎంతో రాదని అడుగక ఊరకుండువారు అనేకులు. ఏజెంటు ద్వారా కొన్నను తిరిగి యీయు బాధ్యత విమాన సంస్థదే. అయితే సొమ్ము రాలేదని అంతర్జాలములో వెదకి కనబడిన ఏదో ఒక సహాయ సంఖ్యకు ఫోను చేయరాదు. ఆ సంఖ్యలలో మోసగాండ్రు పెట్టినవి కలవు. తిరిగి రావలసిన సొమ్మునకు తోడు ఖాతాలోని సొమ్ము కూడ పోవును. సంస్థ సంఖ్యను టిక్కెట్టు మీదనే చూచుకొనవలెను. మోసపోయినవారు వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.

సంస్థయే మాట తప్పినప్పుడు మనకును కొన్ని హక్కులు కలవు. 2010లో చేసి, తరువాత సవరించుచు వచ్చిన నియమముల ప్రకారము, ఆరు గంటలకు మించి ఆలస్యమగునప్పుడు వేరొక విమానము గాని, పూర్తి సొమ్ము గాని కోరవచ్చును. తుపాను, పొగమంచు వంటి సంస్థ చేతిలో లేని కారణములకు పరిహారము మాత్రము ఉండదు. 2025 డిసెంబరు తొలి దినములలో, పైలట్ల పనిగంటల నియమములు మారిన సందర్భమున, దేశమున వేలకొలది విమానములు రద్దయినవి. కొద్ది దినములలోనే మిగిలిన టిక్కెట్ల ధరలు విపరీతముగా పెరుగగా ప్రభుత్వము తాత్కాలికముగా గరిష్ఠ హద్దులు పెట్టవలసి వచ్చినది. వివాహమునకో, పరీక్షకో పోవువారు ఆ దినముననే చేరునట్లు కాక, ముందునాడే చేరునట్లు టిక్కెట్టు కొనుట అందుచేతనే మంచిది.

సామాను. రైలులో మోయగలిగినదంతయు మనదే. విమానమున సామాన్యముగా చేతి సంచి 7 కిలోలు, లోపల వేయు పెట్టె 15 కిలోలు. కొన్ని చౌక టిక్కెట్లకు పెట్టెయే ఉండదు. ఎక్కువ బరువు ఉండునని తోచినచో ముందే యాప్‌లో కొనుట, కౌంటరు వద్ద కొనుటకంటె చౌక. ఆవకాయ జాడీని, కారపుపొడిని చేతి సంచిలో పెట్టరాదు. నూనె కారకుండ గట్టిగా మూతవేసి పెట్టెలో పెట్టవలెను. ఫోనుకు శక్తినిచ్చు పవర్ బ్యాంకు దీనికి విరుద్ధము. అది చేతి సంచిలోనే ఉండవలెను, పెట్టెలో రాదు. ఎండుకొబ్బరి రెండింటను పనికిరాదు. నూనె గలది గనుక నిప్పంటుకొనునను భయము. శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయను చేతి సామానుగా తీసికొనిపోవుటకు 2024 అక్టోబరులో ఆ యాత్రాకాలమునకై ప్రత్యేకముగా అనుమతి యిచ్చిరనిన, సాధారణ దినములలో పట్టింపు ఎంత గట్టిదో ఊహింపవచ్చును.

ప్రయాణపు దినము వచ్చినది. వెబ్ చెకిన్ ముందునాడే చేసికొనుట మేలు. ఫోను వాడుక రాని పెద్దలకు కౌంటరు వద్దనే బోర్డింగు పాసు ఇచ్చెదరు. అందులకు అదనపు రుసుము తీసికొనరాదని విమానయాన మంత్రిత్వ శాఖ 2022 జూలైలో సంస్థలకు చెప్పినది. ముఖము చూచి లోనికి పంపు డిజియాత్ర పద్ధతి 2022 డిసెంబరు నుండి ఒక్కొక్క విమానాశ్రయమునకు వ్యాపించుచున్నది. హైదరాబాదు, విజయవాడలలో కూడ కలదు. ఇష్టమైనవారు వాడవచ్చును, లేనివారు కార్డు చూపవచ్చును. సామాను తీసికొను కౌంటరు సాధారణముగా విమానము కదలుటకు గంట ముందే మూయుదురు; ఎక్కు ద్వారము ఇంచుమించు ఇరువదియైదు నిమిషముల ముందు మూయుదురు. కదలుచున్న బండిని పరుగెత్తి పట్టుకొనుట ఇక్కడ లేదు. పండుగ దినములలో రెండున్నర, మూడు గంటల ముందు చేరినను ఎక్కువ కాదు.

లోనికి పోయిన పిమ్మట మరియొక రైలు అలవాటు వెంట వచ్చును. స్టేషనులో మనము చెవితో ప్రయాణము చేయుదుము. బండి ఏ ప్లాట్‌ఫారమునకు వచ్చునో గొంతు చెప్పును, మనము లేచి నడచెదము. నేడు ముంబయి మొదలగు పలు విమానాశ్రయములలో అట్టి ప్రకటనలు దాదాపు మానివేసిరి. మాటతో బ్రతుకు మావంటివారికి ఇది కొంచెము వెలితిగనే తోచును. ఎక్కు ద్వారము సంఖ్య కడపటి నిమిషమున మారినను ఎవ్వరును పిలిచి చెప్పరు. తెరమీద అంకె మాత్రము మారును. కావున వెంట వచ్చిన పెద్దవారిని కూర్చుండబెట్టిన కుర్చీ తెరకు ఎదురుగా ఉన్నదో లేదో చూచుకొని, ఇంటిలో ఒకరు పది నిమిషములకొకసారి ఆ తెరను చూచుచుండవలెను.